ఇంటర్నల్ సిస్టమ్స్ టీమ్‌కి కొలవగలిగే లక్ష్యాలు ఎలా రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సుమారు 900 మంది ఉన్న కంపెనీలో మీది ఆరుగురి ఇంటర్నల్ సిస్టమ్స్ టీమ్. కొత్తవాళ్ల జాయినింగ్, ఖర్చుల రీయింబర్స్‌మెంట్, సాఫ్ట్‌వేర్ యాక్సెస్, వెండర్ల బిల్లులు నడిచే సిస్టమ్‌లను బాగుచేయడం మీ పని. వచ్చే ఏడాదికి కొలవగలిగే లక్ష్యాలు రాసిమ్మని పైవాళ్లు అడిగితే మూడు రాశారు: టికెట్లు (హెల్ప్‌డెస్క్‌కి వచ్చే ఫిర్యాదులు, రిక్వెస్టులు) 30 శాతం తగ్గించడం, నాలుగు ప్రాసెస్‌లు ఆటోమేట్ చేయడం, ఉద్యోగుల సంతృప్తి స్కోరు పెంచడం. ఇవి సరైనవేనా, అంకెలు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి అని అడిగారు.

ఇలాంటి టీమ్‌లలో చాలా ఏళ్లు పనిచేశాను, కొన్నిటిని నడిపాను. నన్నడిగితే ఈ మూడిటిలో ఏదీ లక్ష్యంగా ఉంచకండి. మూడూ మీ టీమ్ ఎంత కష్టపడిందో చెప్పే అంకెలు. సిస్టమ్ వాడే మనిషికి పని ఎన్ని రోజుల్లో అయింది, మధ్యలో ఎన్నిసార్లు వెనక్కి తిరిగింది అన్నవాటి మీద లక్ష్యం పెట్టండి. మిగతా జవాబంతా దాన్ని ఎలా చేయాలన్నదే.

ముందు టికెట్ల సంగతి. టికెట్లు తగ్గాయంటే సిస్టమ్ బాగుపడి ఉండొచ్చు, లేదా జనం మీమీద ఆశ వదులుకుని ఉండొచ్చు. ఆ రెండిటికీ తేడా ఆ అంకె చెప్పదు. ఫారంలో తప్పనిసరి గడులు మరో నాలుగు పెట్టి చూడండి, టికెట్లు వాటంతటవే పడిపోతాయి. అవసరం ఉన్నవాళ్లు అడగడం మానరు కదా, మీ టీమ్‌లో తెలిసినవాళ్లకి వాట్సాప్‌లో పెడతారు, లేదా క్యాంటీన్లో పట్టుకుంటారు. పని అంతే ఉంటుంది, లెక్కలోంచి మాత్రం పోతుంది. ఆటోమేషన్ కూడా అంతే. మేనేజర్ అప్రూవల్ దగ్గర వారం రోజులు ఆగుతున్న దాన్ని ఆటోమేట్ చేస్తే, అది ఇంకా త్వరగా వెళ్లి అక్కడే ఆగుతుంది. సంతృప్తి స్కోరు ఇంక్రిమెంట్ లెటర్లు వచ్చిన నెలలో పెరుగుతుంది, ఆఫీసు మారిన నెలలో తగ్గుతుంది. సర్వే పెట్టండి, జనం రాసిన మాటలు శ్రద్ధగా చదవండి, స్కోరును మాత్రం లక్ష్యం చేయకండి. అందులో మీ చేతిలో ఉన్నది చాలా తక్కువ.

ఇప్పుడు అసలు పని. ఏ డ్యాష్‌బోర్డూ తెరవకముందే ఒక ఖర్చుల క్లెయిమ్‌ను తీసుకుని మొదటినుంచి చివరిదాకా దాని వెంట వెళ్లండి. ఇలా ఉంటుందనుకోండి: విశాఖ వెళ్లొచ్చిన సర్వీస్ ఇంజినీరు 3వ తేదీన హోటల్, క్యాబ్ బిల్లులతో క్లెయిమ్ పెట్టాడు. మేనేజరు 9న అప్రూవ్ చేశారు. 11న ఫైనాన్స్‌లో తెరిచారు, హోటల్ బిల్లు ఫోటోలో జీఎస్టీ నంబరు కనపడలేదని వెనక్కి పంపారు. అప్పటికి అతను ఇంకో సైట్‌లో ఉన్నాడు, 16న మళ్లీ ఫోటో తీసి పెట్టాడు. తిరిగి పెట్టిన క్లెయిమ్‌ను సిస్టమ్ కొత్తదానిలా చూసి మళ్లీ మేనేజరుకే పంపింది, ఆయన 19న నొక్కారు. 20న ఫైనాన్స్ ఓకే. డబ్బు మాత్రం జీతాలతో పాటు 30న పడింది.

మొత్తం 27 రోజులు. ఇందులో మనుషులు నిజంగా పని చేసిన సమయం కూడితే అరగంట కూడా ఉండదు. మిగతాదంతా ఎదురుచూపు. అది ఎక్కడెక్కడ పోయిందో విడగొట్టండి: మొదటి అప్రూవల్‌కు 6 రోజులు, ఫైనాన్స్ తెరవడానికి 2, సరైన ఫోటోకు 5, రెండో అప్రూవల్‌కు 3, చివరి ఓకేకు 1, డబ్బు పడడానికి 10. అన్నిటికంటే పెద్ద ముక్క ఆ 10 రోజులే. దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, చెల్లింపులు నెలకోసారి బదులు వారానికోసారి వదిలేందుకు ఫైనాన్స్ హెడ్ ఒప్పుకుంటే చాలు. రెండో అప్రూవల్ వర్క్‌ఫ్లోలో ఒక సెట్టింగ్ మార్పు: అడిగిన డబ్బు మారకపోతే తిప్పి పెట్టిన క్లెయిమ్ నేరుగా ఫైనాన్స్‌కే వెళ్లాలి. ఫోటో సంగతి అప్‌లోడ్ స్క్రీన్ మీదే "జీఎస్టీ నంబరు చదవడానికి వస్తోందా?" అని అడిగితే చాలావరకు తీరుతుంది. మీరు రాసిన "నాలుగు ప్రాసెస్‌లు ఆటోమేట్" లక్ష్యంలో ఈ మూడిటిలో ఒక్కటైనా కనిపించేదా? ఆలోచించండి.

ఒక్క క్లెయిమ్‌తో తీర్మానాలు చేయలేం కాబట్టి, గత మూడు నెలల్లోవి ఓ 30 తీసుకోండి. తేలిగ్గా దొరికినవి కాకుండా వరుసలో ప్రతి ఇరవయ్యోదో, ముప్ఫయ్యోదో ఎంచండి. ఒక ఎక్సెల్ షీట్, ప్రతి దశకు ఒక తేదీ. ఇద్దరు కూర్చుంటే పెద్ద పనేం కాదు. డ్యాష్‌బోర్డు తయారయ్యేదాకా ఆగుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఏం కొలవాలో చేత్తో లెక్కేసినప్పుడే తెలుస్తుంది.

తేదీలు సరిగ్గా దొరకని చోట ఇంకో దారి ఉంది. తర్వాత ఎమ్ఐటీ ప్రొఫెసరైన జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటి ఇలాంటి పనికి చక్కగా సరిపోతుంది: క్యూలో సగటున ఎన్ని ఉన్నాయో దాన్ని రోజుకు ఎన్ని బయటికి వెళ్తున్నాయో దానితో భాగిస్తే, ఒక్కోటి లోపల ఉండే సగటు సమయం వస్తుంది. పెండింగ్‌లో 240 క్లెయిములు ఉండి, రోజుకు 20 పూర్తవుతుంటే 12 రోజులు. పెండింగ్ సంఖ్య ఎడాపెడా మారకుండా ఉన్నంతకాలం ఈ లెక్క పనిచేస్తుంది. ఒక్కో క్లెయిమ్ చరిత్ర తవ్వకుండానే మొదటి అంచనా చేతికొస్తుంది.

సగటు దగ్గర జాగ్రత్త. పది క్లెయిములకు పట్టిన రోజులు ఇలా ఉన్నాయనుకోండి: 6, 7, 7, 8, 8, 9, 9, 10, 38, 48. సగటు 15 రోజులు. చూడండి, ఈ పదిమందిలో 15 రోజుల అనుభవం ఎవరికీ లేదు. ఎనిమిదిమందికి పది రోజుల్లోపే అయిపోయింది, ఇద్దరు మాత్రం నెల దాటి నలిగారు. మధ్య విలువ ఎనిమిదిన్నర. బాగుచేయాల్సింది ఆ చివరి ఇద్దరి దారిని. వాళ్లు సైట్ ఆఫీసులవాళ్లా, సొంత మేనేజరు మారినవాళ్లా, విదేశీ కరెన్సీ బిల్లులు పెట్టినవాళ్లా అన్నది చూస్తే కారణం దొరుకుతుంది. అందుకే లక్ష్యాన్ని సగటులో రాయకండి. "90 శాతం క్లెయిములు ఇన్ని రోజుల్లో" అని రాయండి. అలా రాస్తే తోకలో ఉన్నవాళ్లు లెక్కలోకి వస్తారు.

అన్ని రకాల పనులకూ ఒకే గడువు పెట్టడం కూడా పొరపాటు. మీసేవలో ఇది మనందరం చూసిందే: డేటాబేస్‌లో సిద్ధంగా ఉన్నవి ‘ఏ’ కేటగిరీ కింద కౌంటర్ దగ్గరే చేతికిస్తారు, విచారణ అవసరమైన ఆదాయ ధృవీకరణ లాంటివి ‘బి’ కేటగిరీలో వేరే గడువుతో నడుస్తాయి. మీ యాక్సెస్ రిక్వెస్టులనూ అలాగే విడదీయండి. ఫలానా రోల్‌లో ఉన్నవాళ్లకి ఎలాగూ ఇవ్వాల్సిన యాక్సెస్‌కు గంటల గడువు, జీతాల డేటా లాంటి వాటికి పరిశీలన ఉంటుంది కాబట్టి రోజుల గడువు. రెండూ కలిపి ఒకే అంకెగా చూపిస్తే, తేలికైనవి ఎక్కువగా వచ్చిన నెలలో మీరేం చేయకుండానే అంకె మెరుగవుతుంది.

జాయినింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎవరికివారు బాగా చేశామనుకునే చోటు ఇదే. లాప్‌టాప్, మెయిల్, ఐడీ కార్డు, వీపీఎన్, పనికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ యాక్సెస్, ఈ ఐదూ ఐదు చోట్ల నుంచి వస్తాయి. ఒక్కొక్కరూ "మేం 90 శాతం టైముకే ఇస్తున్నాం" అని చెప్తారు, నిజమే చెప్తారు. కానీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఆలస్యమవుతాయనుకుంటే, ఐదూ టైముకి అందే అవకాశం 0.9ను ఐదుసార్లు గుణిస్తే వచ్చేదే, అంటే 59 శాతం. పదిమంది చేరితే నలుగురు మొదటి రోజు ఏదో ఒకటి లేక ఖాళీగా కూర్చుంటారు. ప్రతి శాఖ రిపోర్టు పచ్చగా ఉంటుంది, కొత్తవాడి రోజు మాత్రం వృథా అవుతుంది. కాబట్టి ఇక్కడ లక్ష్యం ఒక్కో వస్తువుకి వద్దు. "ఐదూ మొదటి రోజు మధ్యాహ్నం 12 లోపు అందినవాళ్లు ఎంత శాతం" అన్న ఒకే అంకె పెట్టండి. ఒక్కటి తగ్గినా ఆ మనిషి లెక్కలోకి రాడు.

ఇక అంకె ఎక్కడినుంచి తేవాలన్న మీ ప్రశ్న. 30 శాతం అన్నది ఎక్కడినుంచి వచ్చిందో మీరు రాయలేదు, బహుశా బాగుంటుందని పెట్టి ఉంటారు. అంకెకు ఆధారం కావాలి, నేను మూడు చోట్ల వెతుకుతాను.

మొదటిది చట్టం. వెండర్ల బిల్లులకు ఇది సిద్ధంగా ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకో సేవో తీసుకుంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం సెక్షన్ 15 ప్రకారం రాతపూర్వక ఒప్పందంలోని గడువులోపు, అదీ 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందంలో గడువు లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 43బి కింద హెచ్ క్లాజు చేర్చాక పన్ను దెబ్బ కూడా తోడైంది: గడువు దాటిన మొత్తాన్ని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలరు. ఇక్కడ మీ టీమ్ గమనించాల్సింది గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది. చట్టం లెక్కపెట్టేది సరుకు అందుకుని ఒప్పుకున్న రోజు నుంచి. చాలా కంపెనీల సిస్టమ్‌లు లెక్కపెట్టేది అకౌంట్స్‌వాళ్లు బిల్లు ఎక్కించిన రోజు నుంచి. స్టోర్‌లో సరుకు దిగి, బిల్లు పది రోజులు ఎవరి టేబుల్ మీదో ఉంటే, మీ రిపోర్టులో 40 రోజుల్లో చెల్లించినట్టు కనిపించేది నిజానికి 50. సెటిల్ చేయాల్సిన మొదటి పని ఆ ప్రారంభ తేదీ. అంకె తర్వాత.

రెండోది, ఆలస్యం వల్ల మనిషికి ఎప్పటినుంచి నష్టం మొదలవుతుందో ఆ గీత. ఉద్యోగి తన క్రెడిట్ కార్డుతో హోటల్ బిల్లు కట్టాడు. కార్డు బిల్లు గడువు లోపు రీయింబర్స్‌మెంట్ రాకపోతే కంపెనీ ఖర్చుకు అతను సొంత డబ్బు కడుతున్నట్టు, కట్టలేకపోతే వడ్డీ మోస్తున్నట్టు. స్టేట్‌మెంట్ వచ్చాక కట్టడానికి సాధారణంగా రెండు మూడు వారాలే ఉంటుంది. ఆ లెక్కన క్లెయిమ్ పెట్టిన 12 రోజుల్లో డబ్బు పడాలి అన్నారనుకోండి, ఎందుకు 12 అని ఎవరు అడిగినా జవాబు చెప్పగలరు. మూడోది మీ సొంత రికార్డు. ఇప్పుడున్న సిస్టమ్‌లోనే వేగంగా పూర్తయిన పాతిక శాతం కేసులు ఎన్ని రోజుల్లో అయ్యాయో చూడండి. అది మీ కంపెనీలో సాధ్యమేనని ఇప్పటికే తేలిపోయిన అంకె. మిగతావాళ్లను అక్కడికి తేవడమే ఏడాది పని.

లక్ష్యం పెట్టగానే దాన్ని వంచే దారులు పుడతాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వాసుపత్రుల అత్యవసర విభాగాలకు 98 శాతం మందిని నాలుగు గంటల్లోపు చూసి పంపాలని 2004 నాటికి లక్ష్యం పెట్టారు. ఎదురుచూపులు నిజంగానే బాగా తగ్గాయి, ఆ మాట ఒప్పుకోవాలి. దాంతోపాటు నాలుగు గంటలు నిండడానికి కొద్ది నిమిషాల ముందు ఒక్కసారిగా రోగులను వార్డులకు తరలించడమూ లెక్కల్లో స్పష్టంగా కనిపించింది. 2010లో 98ని 95కు తగ్గించారు. లక్ష్యం వల్ల మేలూ జరుగుతుంది, వంకరా వస్తుంది. రెండూ చూడగలిగేలా కొలత పెట్టుకోవాలి.

మన హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్‌లో ఈ వంకర ఎక్కడుంటుందో చెప్తాను. చాలా టూల్స్‌లో "యూజర్ జవాబు కోసం ఆగింది" అనే స్టేటస్ ఉంటుంది, అందులో పెడితే గడువు గడియారం ఆగుతుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి "సమస్య ఇంకా ఉందా అండీ?" అని ఒక మెసేజ్ పెట్టి ఆ స్టేటస్‌లోకి మార్చేస్తే, సోమవారం దాకా టికెట్ గడువులోనే ఉన్నట్టు. ఎవరూ దురుద్దేశంతో చేయనక్కర్లేదు, పక్కవాడిని చూసి అలవాటైపోతుంది. అందుకని మీ లక్ష్యంలో గడియారం ఆగకూడదు. క్లెయిమ్ పెట్టిన రోజు నుంచి ఖాతాలో డబ్బు పడిన రోజు వరకు, ఆదివారాలూ సెలవులూ కలుపుకుని, క్యాలెండర్ రోజులు. ఉద్యోగి జవాబివ్వడం ఆలస్యమైతే అదీ మీ లెక్కలోనే పడనివ్వండి. అతనికి అసలు ఎందుకు జవాబివ్వాల్సి వచ్చిందన్నది మీ సిస్టమ్ సమస్యే కదా.

ప్రతి వేగం అంకెకూ ఒక కాపలా అంకె జత చేయండి. రీయింబర్స్‌మెంట్ వేగం పెరిగితే, నెలకో శాంపిల్ ఆడిట్‌లో తేలే తప్పు చెల్లింపులు పెరగకూడదు. జాయినింగ్ యాక్సెస్‌లు త్వరగా ఇస్తుంటే, కంపెనీ వదిలినవాళ్ల యాక్సెస్‌లు చివరి రోజే పోతున్నాయా అన్నది చూడాలి. లేకపోతే అందరికీ అన్నీ ఇచ్చేసి లక్ష్యం చేరినట్టు చూపొచ్చు, తర్వాత సెక్యూరిటీ ఆడిట్‌లో ఇరుక్కుంటారు.

ఇవన్నీ కలిపి మీ మూడు లక్ష్యాలను నేనైతే ఇలా రాస్తాను. అంకెలు ఉదాహరణకే, మీ 30 కేసుల లెక్క వచ్చాక మార్చుకోండి.

రీయింబర్స్‌మెంట్: మార్చి చివరికి 90 శాతం క్లెయిములకు, పెట్టిన 12 క్యాలెండర్ రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలి. ఒక్కసారైనా వెనక్కి తిరిగిన క్లెయిములు ఇప్పుడున్న వాటిలో సగానికి తగ్గాలి. తప్పు చెల్లింపులు పెరగకూడదు.

జాయినింగ్: సెప్టెంబరు నుంచి చేరే ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి ఐదు వస్తువులూ మొదటి రోజు మధ్యాహ్నానికల్లా ఉండాలి. వెళ్లిపోయినవాళ్ల యాక్సెస్ అదే రోజు ఆగాలి.

వెండర్లు: సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లుల్లో, సరుకు ఒప్పుకున్న రోజు నుంచి లెక్కేస్తే, చట్టం చెప్పిన గడువు దాటినవి సున్నా.

ఆరుగురికి ఈ మూడు చాలు. నాలుగోది పెడితే ఏదో ఒకటి కాగితం మీదే ఉండిపోతుంది. మీ కంపెనీలో ఓకేఆర్ పద్ధతి (ఒక లక్ష్యం, దాన్ని చేరామని చూపే కొన్ని కొలతలు, అంటే కీ రిజల్ట్స్) ఉంటే ఇవే కీ రిజల్ట్స్‌గా సరిపోతాయి. ఆండీ గ్రోవ్ ఇంటెల్‌లో నడిపిన పద్ధతిని 1999లో ఇన్వెస్టరు జాన్ డోర్ గూగుల్‌కు తెచ్చాడు, అక్కణ్నుంచి చాలా కంపెనీలకు పాకింది. ఎక్కువ చోట్ల జరిగే తప్పు, ఫలితం రాయాల్సిన చోట పనుల జాబితా రాయడం. "కొత్త క్లెయిమ్ యాప్ విడుదల" అన్నది పని. యాప్ వచ్చినా 27 రోజులు 27గానే ఉండొచ్చు.

మేనేజర్ల అప్రూవల్ మా చేతిలో లేదు, ఆ ఆలస్యానికి మేమెలా బాధ్యులం అని మీ టీమ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. లక్ష్యం కింద మీతోపాటు ఫైనాన్స్ నుంచి ఒకరి పేరు, హెచ్ఆర్ నుంచి ఒకరి పేరు ఉండాలి. వాళ్లు ఒప్పుకోకుండా మీరొక్కరే మోస్తే ఏడాది చివర్లో ఎవరి వల్ల ఆలస్యమైందన్న వాదనే మిగులుతుంది. అలాగే ఈ అంకెలను ఎవరి వ్యక్తిగత అప్రైజల్‌కూ ముడిపెట్టొద్దని ముందే మాట తీసుకోండి. ముడిపెట్టిన రోజు నుంచి మీకు నిజమైన తేదీలు దొరకవు.

ఫలితం చూసేటప్పుడు నెల నెలా మారే అంకెకు కంగారుపడకండి, సంబరపడకండి. 1924లో వాల్టర్ షూహార్ట్ వెస్ట్రన్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీ కోసం కంట్రోల్ చార్ట్ గీసింది ఇందుకే: ఏ పనిలోనైనా ఏ కారణం లేకుండానే కాస్త పైకీ కిందికీ ఊగడం ఉంటుంది, నిజమైన మార్పును దాన్నుంచి వేరుచేయాలి. మీ దగ్గరైతే ఊగడానికి తెలిసిన కారణాలు కూడా ఉన్నాయి. సంక్రాంతి వారంలో అప్రూవ్ చేయాల్సినవాళ్లు సగం మంది ఊళ్లలో ఉంటారు. మార్చిలో పాత బిల్లులన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. జూన్, జూలైలో క్యాంపస్ బ్యాచ్‌లు చేరతాయి. వారం వారం అంకెను గ్రాఫ్ మీద పెట్టండి, మార్పు చేసిన తేదీ దగ్గర నిలువు గీత గీయండి, ఆ తర్వాత కనీసం ఏడెనిమిది వారాలు అంకె మార్పుకు ముందున్న మధ్య విలువకు ఒకే వైపు ఉంటే అప్పుడు మారిందనండి.

మొదటి మూడు నెలలకు లక్ష్యం శాతాల్లో ఇవ్వనని పైవాళ్లకు సూటిగా చెప్పండి. ఆ మూడు నెలల్లో ఇచ్చేది మూడు సిస్టమ్‌లకూ ఇప్పటి అంకె, దశలవారీగా ఆలస్యం ఎక్కడుందో చూపే పట్టిక, ఒక్కోదానికి ప్రతిపాదించే లక్ష్యం, దాని వెనక కారణం. కారణంతో వచ్చిన అంకెను కాదనేవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

ఆ తర్వాత నెలకో అరగంట మీటింగ్ చాలు. ప్రెజెంటేషన్ వద్దు. ఆ నెలలో అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టిన ఐదు కేసులు తెరిచి, తేదీలు ఒక్కొక్కటీ గట్టిగా చదవండి. ఫైనాన్స్, హెచ్ఆర్ వాళ్లు ఆ గదిలో ఉండాలి. తర్వాతి నెల ఏం మార్చాలన్నది అక్కడే తేల్చి, ఎవరు చేస్తారో పేరు రాసుకుని లేవండి.